రాళ్లే కదా అని దాటెయ్యకండి

ప్రశ్న: అమెరికాలో యూటా ట్రిప్ వేసుకున్నాం. బ్రైస్ కాన్యన్ నుంచి ఆర్చెస్‌కి వెళ్తూ దారిలో కాపిటల్ రీఫ్ నేషనల్ పార్క్‌లో ఓ పూట ఆగుదామంటే మావారేమో అక్కడా రాళ్లే ఇక్కడా రాళ్లే, టైమ్ వేస్ట్ అంటున్నారు. మా అత్తగారు కూడా వస్తున్నారు, ఎత్తులు ఎక్కలేరు. ఆగమంటారా?
– ఓ పాఠకురాలు

జవాబు: తప్పకుండా ఆగండమ్మా. రాళ్లే, నిజమే, కానీ ఆ రాళ్లని పట్టుకుని బతికిన మనుషుల గుర్తులు ఇక్కడ అడుగడుక్కీ కనిపిస్తాయి. భూమి పొరలు దాదాపు 160 కిలోమీటర్ల పొడవునా ఓ పక్కకి వంగిపోయాయి, దాన్నే వాటర్‌పాకెట్ ఫోల్డ్ అంటారు. 5 నుంచి 7 కోట్ల ఏళ్ల కిందట లోపలి ఒత్తిడికి అలా వంగితే తర్వాత వాననీళ్లు కోసుకుంటూ పోయి ఈ ఇరుకు లోయలు పడ్డాయి. తెల్లగా గుండ్రంగా కనిపించే గుట్టలున్నాయే, అవి ఒకప్పటి ఎడారి ఇసుక దిబ్బలే, దగ్గరికెళ్తే గాలి పేర్చిన ఏటవాలు చారలు ఇప్పటికీ తెలుస్తాయి.

ఉన్నది ఒక్క పూటే కాబట్టి వ్యూపాయింట్ల వెంట పరిగెత్తకుండా కాపిటల్ గార్జ్ అనే ఇరుకు లోయలో నిదానంగా నడవండి. చివర్లో ట్యాంక్స్ అనే నీటి గుంటల దగ్గరికే ఎక్కాలి, మిగతాదంతా చదునే. 1962 దాకా బళ్లు, కార్లు పోయిన రోడ్డు అదే, వరదొచ్చినప్పుడల్లా రాళ్లు తీసి బాగుచేసుకునేవాళ్లట. 1871 నుంచి ఆ దారిన పోయినవాళ్లు గోడ మీద చెక్కుకున్న పేర్లుంటాయి, వాటికంటే ముందే ఫ్రీమాంట్ ప్రజలు, అంటే పూర్వం ఇక్కడ బతికిన ఆదివాసులు, చెక్కిన బొమ్మలూ ఉంటాయి. ఇప్పటి హోపీ, జూనీ ఆదివాసీ తెగలవాళ్లకి వాళ్లు పూర్వీకులు, అలాంటి చోట ఇప్పుడొచ్చినవాళ్లు కూడా పేర్లు గీకి పోతుంటే కడుపు మండిపోతుంది. దయచేసి పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వకండి, చేతి జిడ్డుకే రాయి పాడవుతుంది.

అత్తగారికైతే హైవే 24 పక్కనే చెక్క నడకదారి ఉంది, ఫ్రీమాంట్ వాళ్లు రాతి మీద చెక్కిన కొమ్ముల గొర్రెలు, తలపాగాల్లాంటివి పెట్టుకున్న మనుషుల బొమ్మలు అక్కణ్ణుంచే కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఎక్కడో దూరంగా వాన పడినా గార్జ్‌లోకి ఉన్నట్టుండి వరద వచ్చేస్తుంది. ముందు విజిటర్ సెంటర్‌లో అడిగాకే లోపలికెళ్లండి, నీళ్లు ఎక్కువే పెట్టుకోండి.

అన్నట్టు, 1880ల్లో వచ్చిన మోర్మన్ (ఓ క్రైస్తవ శాఖ) కుటుంబాలు పార్కులోనే ఉన్న ఫ్రూటా అనే చోట మొదలుపెట్టిన పళ్లతోటల్ని ఇప్పటికీ పార్కువాళ్లే చూసుకుంటున్నారు. కోతకి తెరిచిన తోటలో అక్కడికక్కడ తింటే డబ్బులు అడగరు, ఇంటికి పట్టుకెళ్తేనే కట్టాలి, నిచ్చెనలు కూడా వాళ్లే పెడతారు.