నన్నారి సోడా పడిన పీఎస్5 కంట్రోలర్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

మీరు చెప్పింది ఇదీ: చిత్తూరులో రూములో ఆడుకుంటుంటే గ్లాసెడు నన్నారి సోడా మీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) గేమ్ కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్ మీద ఒలికింది. పైపైన తుడిచి బియ్యం డబ్బాలో పెట్టారు. ఇప్పుడు ఎక్స్ బటన్ నొక్కితే పైకి లేవడం లేదు, ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా ఆటలో మనిషి తనంతట తానే నడుస్తున్నాడు.

చాలావరకు బాగవుతుంది. అయితే దాన్ని ఇంకా ఆరబెట్టడం కాదు, మళ్లీ తడపాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, కారణం చెప్తాను.

బియ్యం ఏదైనా లాగిందంటే అది నీళ్లనే, అదీ అంతంతమాత్రం. తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని, బియ్యం నలుసులతో ఫోన్ పాడవ్వచ్చని యాపిల్ కంపెనీ కూడా 2024లో చెప్పింది. మీ కంట్రోలర్‌లో నీళ్లు ఎప్పుడో ఆవిరైపోయి ఉంటాయి. మిగిలింది నన్నారి పాకం, నిమ్మరసం. అరిసెల పాకం గిన్నె అంచున ఎండిపోయినట్టు అది బటన్ చుట్టూ, స్టిక్ కింద బిగుసుకుపోయింది. సబ్జా గింజలు వేయించుకుని ఉంటే అవి కూడా ఏ మూలనో ఉంటాయి, చూసుకోండి.

ముందు పవర్ సంగతి. పీఎస్ బటన్‌ని పది సెకన్లు నొక్కిపట్టి ఆఫ్ చేయండి. పనిచేస్తోందా లేదా అని చార్జర్ పెట్టి చూడకండి. తడి ఉన్నచోట కరెంటు కూడా ఉంటే రాగికి ఇంకా త్వరగా ఆకుపచ్చ తుప్పు పట్టి, లోపలి సర్క్యూట్ బోర్డు మీది గీతలు తినేస్తుంది. వెనకాల సూది దూర్చే చిన్న రంధ్రం రీసెట్ కోసం, దానితో బ్యాటరీ తెగదు. డ్యుయల్‌సెన్స్‌లో బ్యాటరీ తీయాలంటే విప్పాల్సిందే. అదే ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ అయితే వెనక మూత లాగి రెండు పెన్సిల్ సెల్స్ తీసేస్తే సరిపోయేది. ఈ ఒక్క విషయంలో వాళ్లే నయం.

విప్పడం: ముందువైపు నల్లటి ప్లాస్టిక్ పట్టీని పాత ఏటీఎం కార్డు లాంటిదానితో కింది నుంచి మెల్లగా లేపాలి. ఎల్1, ఆర్1 బటన్లను ఊడదీస్తే వాటి కింద ఒక్కో స్క్రూ, కింద చేతిపట్టుల దగ్గర ఒక్కోటి, మొత్తం నాలుగు. సెల్‌ఫోన్ రిపేరుకు వాడే చిన్న స్టార్ మూతి స్క్రూడ్రైవర్ చాలు. వెనక షెల్ తీయగానే బ్యాటరీ కనిపిస్తుంది, దాని కనెక్టర్‌ని వైరు పట్టుకుని కాకుండా ప్లాస్టిక్ ముక్క పట్టుకుని లాగండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఇక దాన్ని మళ్లీ వాడొద్దు, కొత్తది వేసుకోండి. టచ్‌ప్యాడ్‌కి వెళ్లే రిబ్బన్ కాగితంలా పల్చగా ఉంటుంది, తొందరపడితే చిరుగుతుంది. ప్రతి దశకూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఇక అసలు పని. యూట్యూబ్‌లో ఎవరిని చూసినా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఎలక్ట్రానిక్స్ శుభ్రం చేయడానికి వాడే స్పిరిట్) పోయమంటారు. మామూలు నీళ్లు పడినప్పుడు అది సరే. కానీ చక్కెర ఆల్కహాల్‌లో దాదాపు కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉన్నప్పుడు మా అక్క కొడుకు నా కంట్రోలర్ మీద బాదం పాలు పోశాడు. షాపుకు తీసుకెళ్తే విప్పకుండానే ‘బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో సామీ’ అన్నారు. కొత్తదంటే ఆరు వేలకు అటూ ఇటూ. ఇంటికొచ్చి నేనే విప్పితే బోర్డు నిక్షేపంలా ఉంది, బటన్ల కింద మాత్రం జిగురు. ముందు నీళ్లతో, తర్వాత ఆల్కహాల్‌తో కడిగాక ఇప్పటికీ పనిచేస్తోంది.

నీళ్లంటే కుళాయి నీళ్లు కాదు. మన బోరు నీళ్లు బకెట్ అంచున తెల్ల చారలు కట్టడం చూస్తూనే ఉంటాం, ఆ ఉప్పులన్నీ బోర్డు మీద మిగిలిపోతాయి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కొత్త డబ్బా తెచ్చుకోండి. బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. బ్యాటరీలో నుంచి తీసింది మాత్రం వద్దు, అందులో యాసిడ్ ఉంటుంది!

బటన్లను, వాటి కింది రబ్బరు ముక్కలను తీసి గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడిగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో తొలపండి. రబ్బరు కింద ఉండే పల్చటి సర్క్యూట్ షీటును నానబెట్టకూడదు, తడిపిన ఇయర్‌బడ్‌తో అద్దినట్టు తుడవాలి. గట్టిగా రుద్దితే నల్లటి చుక్కలు లేచిపోయి బటన్ అసలుకే పనిచేయదు. స్టిక్ కింద ఉండే చిన్న పెట్టెలోకి రెండు మూడు చుక్కల నీళ్లు వేసి, అన్నివైపులా తిప్పి, బోర్డును వంచి బయటికి కార్చేయండి. మురికి రావడం ఆగేదాకా అంతే. అప్పుడు ఆల్కహాల్ చుక్కలు వేయాలి, అది మిగిలిన నీటిని తోసుకొచ్చి త్వరగా ఆరుతుంది. 99 శాతం ఉన్నదే తీసుకోండి. శానిటైజర్‌లో గ్లిజరిన్ లాంటివి కలిపి ఉంటాయి కాబట్టి పనికిరాదు. ట్రిగ్గర్ల దగ్గర గ్రీజు ఉంటుంది, అక్కడ పోయకండి. స్పీకర్, మైకుల దగ్గర కూడా జాగ్రత్త. దగ్గర్లో స్టవ్, దీపం లేకుండా చూసుకోండి, ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది.

ఆరబెట్టేటప్పుడు ఫ్యాన్ కింద విప్పిన భాగాలన్నీ పరిచి రాత్రంతా వదిలేయండి. మే నెలలో అయితే అదే ఎక్కువ. నవంబరు, డిసెంబరు ముసురులో అయితే ఇంకో రోజు ఉంచండి. మిద్దె మీద ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు, వేడికి ప్లాస్టిక్ వంకర పోతుంది.

షెల్ మూసేముందే బ్యాటరీ తగిలించి ఆన్ చేసి, కేబుల్‌తో కంప్యూటర్‌కి పెట్టి గేమ్‌ప్యాడ్ టెస్టర్ సైటు ఏదైనా తెరవండి. స్టిక్ వదిలేసినప్పుడు అంకెలు సున్నా దగ్గరే నిలవాలి. అప్పటికీ పక్కకు జరుగుతుంటే లోపలి కార్బన్ పట్టీ అరిగిందని లెక్క, ఎంత కడిగినా తిరిగిరాదు. కొద్దిగానే ఉంటే ఆటలో డెడ్‌జోన్ (స్టిక్ కొద్దిగా కదిలినా ఆట పట్టించుకోని హద్దు) పెంచి సర్దుకోవచ్చు. ఎక్కువైతే స్టిక్ మాడ్యూల్ (స్టిక్ కింది పెట్టె మొత్తం) మార్చాలి, అది టంకం పని. చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. మాడ్యూల్ మన దగ్గర దొరకకపోతే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో అడగొచ్చు, ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. వారంటీ మీద ఆశ పెట్టుకోకండి, ద్రవం పడితే అది వర్తించదు.

విప్పాక బోర్డు మీద ఎక్కడైనా ఆకుపచ్చ తుప్పు కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తాను.