టెక్ సందేహాలు: పెరటి వంటగదికి ఎంత వైరు లాగాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట. వీధి వసారా నుంచి పెరటి దాకా పొడవుగా సాగే పాత ఇంటి చివర కొత్త వంటగది కట్టించుకున్నాం. మీటరు, మెయిన్ బోర్డు వీధి వైపున ఉన్నాయి. అక్కడి నుంచి వంటగదికి గోడ వెంట కొలిస్తే 22 మీటర్లు వచ్చింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి పంపిన వీడియోలో వంటగదికి విడిగా బోర్డు పెట్టి, 6 నంబరు వైరు లాగి, 60 ఆంపియర్ల బ్రేకరు వేశారు. మొబైల్ యాప్‌లో మా సామాన్లన్నిటి వాట్లు కలిపి 11,000 అని ఇస్తే 100 ఆంపియర్లు కావాలని చూపించింది. మా ఎలక్ట్రీషియన్ మాత్రం 4 స్క్వేర్ వైరు, 40 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట పడిపోయి సరఫరా ఆపే బ్రేకరు) చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఈ మూడింటిలో ఏదీ మీ ఇంటికి సరిపోదు. యాప్ చేసిన పొరపాటు అన్నిటికంటే తేలికగా బయటపడుతుంది. అందులో వోల్టేజీ అమెరికా లెక్కన 120గా ఉండిపోయినట్లుంది; 11,000ను 120తో భాగిస్తే దాదాపు 92 వస్తుంది కనుక, ఆ పైనున్న 100ను అది చూపించింది. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్ సరఫరా కాబట్టి అదే 11,000 వాట్లకు 48 ఆంపియర్లే అవుతాయి. ఇలాంటి యాప్‌లలో లెక్క మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి దేశాన్ని, వోల్టేజీని, వైరు కొలతను మార్చుకోకపోతే వచ్చే జవాబు ఎక్కడో ఉన్న ఇంకొకరి ఇంటిది అవుతుంది.

వీడియోలోని 6 నంబరుతో ఇంతకంటే ప్రమాదం ఉంది. అమెరికాలో వైరును గేజ్ నంబరుతో పిలుస్తారు, అక్కడ నంబరు పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది. వారి 6 నంబరు వైరు సుమారు 13.3 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. మన షాపులో 6 స్క్వేర్ అని అడిగితే ఇచ్చేది 6 చదరపు మిల్లీమీటర్లది, అంటే అందులో సగం కూడా కాదు. వీడియో చూసి 6 స్క్వేర్ కొని దాని మీద 60 ఆంపియర్ల బ్రేకరు వేస్తే, వైరు కాలిపోతున్నా బ్రేకరు కదలదు.

మీ ఎలక్ట్రీషియన్ మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ పొరపాటు మన ఊళ్లలో ప్రతి మూడో ఇంట్లో కనిపిస్తుందంటే అతిశయోక్తి కాదేమో. ఎంసీబీ ఉన్నది స్టవ్వును కాపాడటానికో, గీజరును కాపాడటానికో కాదు, గోడలో ఉన్న వైరును కాపాడటానికి. అందువల్ల ముందు వాడకం ఎంతో తేల్చుకుని, ఆ వాడకానికి తగ్గకుండా ఎంసీబీని, ఆ ఎంసీబీకి తగ్గకుండా వైరును ఎంచుకోవాలి. పైపులో లాగిన 4 స్క్వేర్ రాగి వైరు 30 డిగ్రీల వేడిలో 32 ఆంపియర్లు మోయగలదు. మన వేసవిలో గోడ వేడిని 40 డిగ్రీలుగా తీసుకుంటే ఆ సామర్థ్యాన్ని 0.87తో గుణించాలి, అప్పుడు మిగిలేది 28 ఆంపియర్లే. ఇక ఎంసీబీ సంగతి చూడండి: ప్రమాణాల ప్రకారం అది తన మీద రాసిన అంకెకు 1.13 రెట్ల కరెంటును గంటసేపు పడిపోకుండా భరించాలి, 1.45 రెట్ల దగ్గర గంట లోపల పడిపోవాలి. అంటే 40 ఆంపియర్ల ఎంసీబీ 45 ఆంపియర్లను గంటసేపు పోనిస్తుంది, 58 ఆంపియర్లకు కూడా వెంటనే స్పందించనవసరం లేదు. ఆ గంటసేపూ 28 ఆంపియర్ల వైరు పైతొడుగు మెత్తబడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు వాడకం ఎంతో చూద్దాం. మీరు పంపిన జాబితాలో ఇండక్షన్ స్టవ్ 2,000, ఇన్‌స్టెంట్ గీజరు 3,000, ఓటీజీ (బేకింగ్ ఓవెన్) 1,600, కెటిల్ 1,500, మైక్రోవేవ్ 1,300, మిక్సీ 750, ఫ్రిజ్ 250, చిమ్నీ 200, గ్రైండర్ 200, దీపాలు, ఫ్యాను 150, నీళ్ల ఫిల్టరు 50 వాట్లు ఉన్నాయి. మైక్రోవేవ్‌కు ముందు తలుపు మీద రాసే 800 వాట్లు కాకుండా వెనుక స్టిక్కరు మీది అంకె రాసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి; ముందున్నది పదార్థానికి అందే శక్తి, లైను నుంచి లాగేది అంతకంటే బాగా ఎక్కువ. ఇవన్నీ ఒకేసారి నడిపే ఇల్లాలు ఎక్కడా ఉండదు. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది మధ్య స్టవ్వు, గీజరు, మిక్సీ, ఫ్రిజ్, చిమ్నీ, ఫిల్టరు, దీపాలు కలిసి 6,400 వాట్లు, అంటే 28 ఆంపియర్లు. చుట్టాలు వచ్చిన రోజు మిక్సీ బదులు మైక్రోవేవ్ నడిస్తే దాదాపు 30 ఆంపియర్లు. కనుక మెయిన్ బోర్డులో ఈ లైనుకు 32 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతుంది. గీజరు, స్టవ్వు, ఓటీజీ, కెటిల్ ఒక్కసారే వేస్తే అది పడిపోవచ్చు. పడిపోవడమే దాని పని, దాన్ని చూసి పెద్దది మార్చవద్దు.

ఈ 32 ఆంపియర్లకు 6 స్క్వేర్ వైరు లెక్క ప్రకారం చాలు: 30 డిగ్రీల దగ్గర 41, 40 డిగ్రీల దగ్గర సుమారు 36. అయితే పైపు ఎండపడే స్లాబు మీదుగా పోతే 45 డిగ్రీలకు 32 మాత్రమే మిగులుతుంది. అదే పైపులో మోటారు లైను కూడా దూరిస్తే, ఈ తగ్గింపు మీద ఇంకో ఇరవై శాతం పోతుంది. అందుచేత మీకు నా సలహా 10 స్క్వేర్ వైరు, దానికి విడి పైపు. గోడకు గాడి కొట్టి, పూసి, రంగు వేయించే ఖర్చుతో పోలిస్తే వైరులో వచ్చే తేడా తక్కువే. రేపు డిష్‌వాషర్ కొంటే గోడ ముట్టుకోకుండా ఎంసీబీ ఒక్కటి 40కి మార్చుకోవచ్చు, మెయిన్ స్విచ్చు దానికి తగ్గట్టు ఉంటేనే సుమా. వోల్టేజీ తగ్గుదల విషయంలో 22 మీటర్లు పెద్ద దూరం కాదు: 30 ఆంపియర్ల దగ్గర 6 స్క్వేర్‌లో 4.8 వోల్టులు, 10 స్క్వేర్‌లో 2.9 వోల్టులు పోతాయి. కరెంటు తెచ్చే ఫేజ్, తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్‌తో పాటు ఎర్త్ వైరు కూడా అదే లావుది లాగించండి.

లావు వైరుతో వచ్చే ఒక చిక్కు చెప్పాలి. శ్రీకాకుళంలో మా బంధువుల ఇంట్లో బోర్డు వేడెక్కుతోందని పిలిస్తే వెళ్లి, మూత విప్పి చూశాను. పది స్క్వేర్ వైరు ఎంసీబీ రంధ్రంలో పట్టలేదని పని చేసినాయన మూడో వంతు పోగులను కటింగ్ ప్లయర్‌తో తుంచేసి మిగిలినవి దూర్చారు. ఆ తుంచిన పోగులు బోర్డు అడుగునే పడి ఉన్నాయి, స్క్రూ పక్కన ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. ఆ ఒక్క అంగుళం దగ్గర వారి వైరు పది స్క్వేర్ కాదు. చివరలకు సరైన లగ్గు (వైరు కొనకు తొడిగే లోహపు తొడుగు) వేసి నొక్కించి, స్క్రూలు బిగించిన తరువాత వైరును ఒకసారి లాగి చూడమని దగ్గర నిలబడి అడగండి.

వంటగది బోర్డు 8 వే (ఎనిమిది గదులది) కాకుండా 12 వే తీసుకోండి. బోర్డు మొత్తాన్ని ఆపే స్విచ్చు ఐసొలేటరుకు రెండు, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి రెండు గదులు పోతాయి. గీజరు, స్టవ్వు, ఓటీజీ-మైక్రోవేవ్, గట్టు మీది ప్లగ్గులు, దీపాలకు ఒక్కొక్క ఎంసీబీ వస్తుంది. మొదటి నాలుగింటికి 2.5 స్క్వేర్ మీద 16 ఆంపియర్లు, దీపాలకు 1.5 స్క్వేర్ మీద 6 ఆంపియర్లు చాలు. ఫ్రిజ్‌కు మాత్రం విడిగా రెండు గదుల ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ పనులు రెండూ చేసేది) పెట్టించండి; లేకపోతే మీరు విశాఖలో పెళ్లికి వెళ్లిన రోజున గీజరులోని లీకేజీకి ఆర్‌సీసీబీ పడిపోయి ఫ్రిజ్‌లోని చేపలు పాడవుతాయి. ఇక కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడు (మీ కనెక్షన్‌కు మంజూరైన వాడకం) ఎంత ఉందో చూడండి. ఇంటి మిగతా వాడకంతో కలిపి చాలకపోతే వైరు లాగక ముందే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పని లైసెన్సు ఉన్న వారితోనే చేయించండి.

ప్రశ్న: విజయనగరంలో కోట దగ్గర ఉంటాం. వంటగదికి కొత్త బోర్డు, ఆర్‌సీసీబీ పెట్టించిన రోజు నుంచి హాల్లో ఫ్యాను వేస్తే వంటగది మొత్తం ఆగిపోతోంది. అదే హాల్లో చిన్న నైట్ ల్యాంపు వేస్తే ఏమీ కాదు. ఆర్‌సీసీబీ తీసేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: తీయవద్దు, అది సరిగానే పనిచేస్తోంది. హాలు లైను ఫేజ్ పాత మెయిన్ బోర్డు నుంచి వస్తూ, న్యూట్రల్ మాత్రం దగ్గరగా ఉందని వంటగది న్యూట్రల్ బారుకు (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే లోహపు పట్టీకి) కలిపేసినట్లు మీ నైట్ ల్యాంపే చెబుతోంది. ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును పోల్చి చూస్తుంది. 75 వాట్ల ఫ్యాను కరెంటు సుమారు 330 మిల్లీ ఆంపియర్లు. అది ఆర్‌సీసీబీ గుండా వెళ్లకుండానే దాని గుండా తిరిగి వస్తుంది కనుక 30 మిల్లీ ఆంపియర్ల హద్దు దాటి పడిపోతుంది. నైట్ ల్యాంపు తీసుకునేది ఆ హద్దుకు లోపలే. హాలు న్యూట్రల్‌ను మెయిన్ బోర్డులోని బారుకు మార్పించండి. మూత విప్పినప్పుడే వంటగది బోర్డులో న్యూట్రల్ బారుకు, ఎర్త్ బారుకు మధ్య ముక్క వైరు కలిపారేమో కూడా చూడమనండి. అమెరికా వీడియోల్లో మెయిన్ ప్యానెల్‌లో ఆ రెంటినీ కలపడం కనిపిస్తుంది కానీ, మన ఇళ్లలో మెయిన్ బోర్డులోనూ సబ్ బోర్డులోనూ వాటిని కలపకూడదు. మార్పు అయ్యాక ఫ్యాను వేసి ఉంచి, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి చూడండి: వంటగది ఆగాలి, ఫ్యాను తిరుగుతూనే ఉండాలి.