విలువ శ్రమదా, గిరాకీదా?

విలువ శ్రమ నుంచి వస్తుందా, కొనేవాడి అవసరం నుంచా అని అడిగారు. మా గోదావరిలో వల వేసే కష్టం ఏ చేపకైనా ఇంచుమించు ఒకటే. కానీ వరదకు ఎదురీదే పులస వేలల్లో పలుకుతుంది. ఆర్థికవేత్త మెంగర్ 1871లో చెప్పింది ఇలాంటిదే: కొరత, అవసరమే విలువకు మూలం. విలువకు మూలం శ్రమే అన్న మార్క్స్ మాట్లాడింది మాత్రం పులస లాంటి అరుదైన వాటి గురించి కాదు, మళ్లీ మళ్లీ తయారుచేయగల సరుకుల గురించి, వాటికి సమాజంలో సగటున పట్టే శ్రమ గురించి. ఈ తేడా వాదనల్లో చాలామంది వదిలేస్తారు.

నన్ను కలవరపెట్టేది భూమి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టా పొలాల విలువ పెరిగింది. మట్టి, రాళ్లు మోసింది కూలీలు. పెరిగిన విలువ మాత్రం పొలం ఉన్నవాళ్లకే దక్కింది. ఇప్పటికీ కౌలు రైతు పంట పోయినా బస్తాల లెక్కన కౌలు కట్టాల్సి వస్తోంది.