ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలను తొమ్మిది రోజులూ నేను ఎలా చూస్తాను

నీరజ్ చోప్రా జావెలిన్ విసిరే రోజు తప్ప ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో మనకు చూడటానికి ఏముంటుంది, తొమ్మిది రోజులూ వదలకుండా కూర్చునేవారు అసలు ఏం చూస్తారు అని మీరు అడిగారు. కాలేజీ రోజుల్లో జిల్లా స్థాయి పోటీల్లో 400 మీటర్లు పరిగెత్తిన అనుభవం, ఆ తర్వాత ఇన్నేళ్ళుగా అభిమానిగా ఈ పోటీలను చూస్తూ వచ్చిన అనుభవం, ఈ రెండింటితోనే సమాధానం చెబుతున్నాను. పతకాల పట్టికను పక్కన పెట్టి, ప్రతి క్రీడాకారుడినీ అతని పాత మార్కుతోనే, అంటే అతను ఇంతకుముందు సాధించిన సమయంతోనో దూరంతోనో పోల్చుకుంటూ, ఫైనల్ దాకా ఆగకుండా తొలి రౌండ్ పరుగులైన హీట్స్ నుంచే చూడటం మొదలుపెడితే, తొమ్మిది రోజులు చాలవనిపిస్తుంది.

నేనూ మొదట్లో ఇలా చూసినవాడిని కాదు. 2003లో పారిస్‌లో అంజూ బాబీ జార్జ్ 6.70 మీటర్లు దూకి లాంగ్ జంప్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఆ సంగతి నాకు పత్రికలోనే తెలిసింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భారత్‌కు అదే తొలి పతకం. ఆ తర్వాత 2022లో యూజీన్‌లో నీరజ్ 88.13 మీటర్లతో రజతం తెచ్చేవరకు రెండో పతకం లేదు. పతకం కోసమే ఎదురుచూసే అభిమానికి ఆ పంతొమ్మిదేళ్ళూ ఎండిన చెరువు లాంటివే. అయితే ఆ కాలంలో మనవాళ్ళు పరిగెత్తడం మానలేదు, చూడటం మానినవాళ్ళం మనమే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నా పద్ధతి మారింది 2023 ఆగస్టులో, బుడాపెస్ట్ పోటీల సమయంలో. ఆగస్టు 19 నుంచి 27 వరకు జరిగిన ఆ పోటీలకు ముందు మా అమ్మాయి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ అడిగి తీసుకుని, మన జట్టులోని ఒక్కొక్కరికి ఒక్కో గీత కేటాయించాను. మొదటి గడిలో పేరు, రెండో గడిలో ఆ ఏడాది అత్యుత్తమ మార్కు, మూడో గడిలో ఇప్పటివరకు జీవితంలో సాధించిన అత్యుత్తమ మార్కు, నాలుగో గడిలో ఆ అంశంలో జాతీయ రికార్డు రాసి, చివరి గడిని ఎర్ర పెన్నుతో నింపడానికి ఖాళీగా వదిలాను. బుడాపెస్ట్ సమయానికి మూడున్నర గంటలు కలిపి మన సమయాన్ని అంచులో వేసుకున్నాను. అక్కడి సాయంత్రం పోటీలు మనకు రాత్రి పదింటి తర్వాత, ముఖ్యమైన ఫైనళ్ళు అర్ధరాత్రి దాటాక వస్తాయని ముందే తెలియడం వల్ల ఏ రోజు పగలు నిద్రపోవాలో కూడా నిర్ణయించుకోగలిగాను.

ఆ నోట్‌బుక్‌లో నేను అందరికన్నా ముందు రాసిన పేరు మా విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీది. మీరు ఒక్కరినైనా పట్టుకుని వెనక్కి వెళ్ళి చదవాలనుకుంటే ఆమె ప్రయాణం చదవండి. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులు ఉంటాయి. మొదటిది 13 మీటర్ల దూరంలో వస్తుంది, అక్కడి నుంచి ప్రతి 8.5 మీటర్లకు ఒకటి ఉంటుంది, రెండు అడ్డంకుల మధ్య సరిగ్గా మూడు అడుగులే పడాలి. ఒక్క అడుగు పొట్టిదైతే తర్వాతి అడ్డంకి దగ్గర లయ తప్పుతుంది. మా అమ్మాయికి ఇది చెప్పాక, తను ప్రతి రేసులోనూ పెదవులు కదుపుతూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ లెక్కతో చూస్తే, రేసు చివర్లో వెనకబడినవారు ఏ అడ్డంకి దగ్గర వెనకబడ్డారో మామూలు కంటికే తెలిసిపోతుంది.

ఈ పరుగులో గాలి సంగతి కూడా తెలుసుకోవాలి. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్ల వేగం దాటితే ఆ సమయం రికార్డు కిందికి రాదు. అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డును జ్యోతి 2020లోనే మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో 13.03తో దాటింది. అక్కడ డోప్ పరీక్ష వంటి నిబంధనలు పూర్తికాలేదని దాన్ని రికార్డుగా గుర్తించలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 పరిగెత్తితే గాలి 2.1గా నమోదైంది. అంటే పరిమితికి పైన కేవలం 0.1 మీటరు ఉందని ఆ సమయమూ పోయింది. ఆ మరుసటి నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో, ఇరవై ఏళ్ళుగా నిలిచి ఉన్న ఆ రికార్డు చివరికి ఆమె పేరు మీదికి మారింది. తాను అప్పటికే రెండుసార్లు దాటేసిన గీతను, అంతకన్నా నెమ్మదైన సమయంతో, మూడోసారి అధికారికంగా దాటవలసి వచ్చిన ఆ ఓర్పు గురించి తెలిశాక, ఫలితాల పట్టికలో సమయం పక్కన చిన్నగా ఉండే గాలి అంకెను చూడకుండా నేను ఏ ఫలితాన్నీ చదవను.

బుడాపెస్ట్‌కు రెండు వారాల ముందే ఆమె చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కొత్త జాతీయ రికార్డు నెలకొల్పి కాంస్యం గెలిచింది. ఆగస్టు 22న హీట్స్‌లో మాత్రం 13.05తో తన హీట్‌లో ఏడో స్థానంలో నిలిచి అక్కడే ఆగిపోయింది. మరుసటి రోజు మా వీధిలో ఒక పెద్దాయన "ఏడో స్థానమేగా బాబూ, దానికోసం రాత్రంతా మేలుకున్నావా" అన్నారు. ఆయనను తప్పు పట్టను, వార్తల్లో కనబడింది ఆ ఒక్క వాక్యమే. నా నోట్‌బుక్‌లో మాత్రం 13.38, 13.23, 12.78 ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆ వరుస కింద ఎర్ర పెన్నుతో 13.05 రాస్తుంటే బాధ కలిగిన మాట నిజమే కానీ, ఫైనల్‌లో స్వర్ణం గెలిచిన డానియెల్ విలియమ్స్ సమయం 12.43 అని చూశాక, మన అమ్మాయి అందుకోవలసిన దూరం ఎంతో మొదటిసారి అంకెల్లో కనబడింది. తన అత్యుత్తమానికీ ఆ స్వర్ణానికీ మధ్య తేడా 0.35 సెకన్లు. దానికోసం ఒక మనిషి రోజూ ఎంత శ్రమపడుతుందో ఊహించడానికి నాకు ఆ అంకె పనికివచ్చింది.

ఇక జావెలిన్ సంగతి. మీరు ఎలాగూ చూస్తారు కనుక క్వాలిఫికేషన్ కూడా చూడమని మాత్రమే చెబుతాను. బుడాపెస్ట్‌లో అందులో 83 మీటర్లు దాటినవారు నేరుగా ఫైనల్‌కు వెళ్ళారు, మిగిలిన స్థానాలను దూరం ప్రకారం పన్నెండు మంది అయ్యేదాకా నింపారు. నీరజ్ శుక్రవారం నాడు ఒక్కసారి విసిరి, 88.77 మీటర్లు నమోదు చేసి, సామాను సర్దుకున్నాడు. ఆ దూరంతోనే పారిస్ ఒలింపిక్స్ అర్హత కూడా వచ్చేసింది. అదే ఉదయం డి.పి. మను 81.31, కిశోర్ జెనా 80.55 విసిరి, మిగతావారు దాటేస్తారేమోనని ఎదురుచూసి ఫైనల్‌కు చేరారు. నీరజ్ విసిరిన ఆ ఒక్క విసురు కన్నా వీరిద్దరి నిరీక్షణే ఆ రోజు నన్ను ఎక్కువగా కూర్చోబెట్టింది.

అయితే ఆ తొమ్మిది రోజుల్లో నేను జీవితాంతం గుర్తుంచుకునేది శనివారం రాత్రి జరిగిన పురుషుల 4×400 మీటర్ల రిలే హీట్. అనస్, అమోజ్ జేకబ్, అజ్మల్, రాజేశ్ రమేశ్ పరిగెత్తారు. ఈ రిలేలో మొదటి పరుగంతా ఎవరి లేన్‌లో వారే ఉంటారు కాబట్టి ఎవరు ముందున్నారో సరిగ్గా తెలియదు. రెండోవారు మొదటి మలుపు దాటాక అందరూ లోపలి లేన్‌కు వచ్చేస్తారు, అసలు స్థానాలు అప్పుడే బయటపడతాయి. నేను 400 మీటర్లు పరిగెత్తినవాడిని కాబట్టి, చివరి వంద మీటర్లలో తొడలు రాళ్ళలా బిగుసుకుపోవడం ఎలా ఉంటుందో నా ఒంటికి తెలుసు. ఆ మలుపు దాటాక తెరమీద అమెరికా వెనక నీలం జెర్సీ కనబడేసరికి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కగదిలో మా అమ్మ నిద్రపోతున్నందున టీవీ శబ్దం దాదాపు లేనంత తగ్గించి ఉంచాము. అరవలేక మా అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది. చివరి బ్యాటన్ అందుకున్న రాజేశ్ ఆ రెండో స్థానాన్ని చేజారనివ్వలేదు. అమెరికా 2 నిమిషాల 58.47 సెకన్లు, భారత్ 2 నిమిషాల 59.05 సెకన్లు, మన వెనక బ్రిటన్. జపాన్ పేరిట ఉన్న 2:59.51 ఆసియా రికార్డు పోయింది. మన పాత జాతీయ రికార్డు 3:00.25 అని నోట్‌బుక్‌లో నేనే రాసుకుని ఉన్నాను కాబట్టి, ఒకటిన్నర వారం క్రితం రాసిన ఆ గీత పక్కన కొత్త అంకె వేయడానికి పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికింది. ఫైనల్‌లో మనవాళ్ళు 2:59.92తో ఐదో స్థానంలో వచ్చారు, దానికీ నేను గర్వపడ్డాను. కానీ హీట్ చూడనివారికి ఆ ఐదో స్థానం వెనక ఏముందో తెలిసే అవకాశం లేదు.

ఆదివారం రాత్రి మనవాళ్ళ పోటీలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. నీరజ్ మొదటి విసురు ఫౌల్, రెండోది 88.17. పాకిస్తాన్‌కు చెందిన అర్షద్ నదీమ్ మూడో ప్రయత్నంలో 87.82 విసిరినప్పటి నుంచి చివరి విసురు దాకా ఇద్దరి మధ్య తేడా 35 సెంటీమీటర్లే. మూడు ప్రయత్నాల తర్వాత మొదటి ఎనిమిది మందికే మరో మూడు అవకాశాలు దక్కుతాయి. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు భారతీయులు ఉన్నారు, జెనా ఐదు, మను ఆరు స్థానాల్లో ముగించారు. నీరజ్ గెలుచుకున్నది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన దేశానికి తొలి స్వర్ణం. దాదాపు అదే సమయంలో, అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరిగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో పారుల్ చౌదరి 9:15.31తో పదకొండో స్థానంలో వచ్చింది. 2016 రియో ఒలింపిక్స్‌లో లలితా బాబర్ నెలకొల్పిన 9:19.76 జాతీయ రికార్డును అది నాలుగు సెకన్లకు పైగా తగ్గించింది. స్వర్ణం సందడిలో ఆ పరుగు గురించి తగినంతగా ఎవరూ మాట్లాడలేదని నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది.

మన దేశం లేని పోటీలనూ వదలకండి. మొదటి రోజు స్త్రీ పురుషులు కలిసి పరిగెత్తే మిశ్రమ రిలేలో గెలుపు అంచున ఉన్న నెదర్లాండ్స్ క్రీడాకారిణి ఫెమ్కె బోల్ ముగింపు గీతకు కొద్ది అడుగుల దూరంలో పడిపోవడం చూశాము. చివరి రోజు చివరి పోటీ అయిన మహిళల 4×400 రిలేలో అదే బోల్ మూడో స్థానంలో బ్యాటన్ అందుకుని, ఆఖరి కొద్ది మీటర్లలో జమైకాను దాటి స్వర్ణం గెలిచింది. ఆ గెలుపు విలువ ఎంతో తెలియాలంటే ఎనిమిది రోజుల క్రితం ఆమె నేలమీద పడి ఉండటం మీరు చూసి ఉండాలి.

ఆచరణలో ఒక్క జాగ్రత్త చెబుతాను. టీవీలో పరుగు చూపిస్తున్నప్పుడు మైదానం మధ్యలో జరిగే దూకుళ్ళు, విసుర్లు తప్పిపోతుంటాయి, కాబట్టి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ వెబ్‌సైట్‌లోని ఫలితాల పేజీని ఫోన్‌లో తెరిచి పక్కన ఉంచుకోండి. అక్కడ పేరు పక్కన పెద్ద క్యూ అక్షరం ఉంటే స్థానం వల్ల, లేదా క్వాలిఫికేషన్ మార్కు దాటడం వల్ల నేరుగా ముందుకు వెళ్ళినట్టు, చిన్న క్యూ ఉంటే మిగిలినవారిలో మెరుగైన సమయమో దూరమో ఉండి అర్హత పొందినట్టు.

2025 సెప్టెంబరులో టోక్యో పోటీలనూ ఇదే నోట్‌బుక్‌తో చూశాను. అక్కడ నీరజ్ 84.03తో ఎనిమిదో స్థానంలో ముగించడంతో చాలామంది టీవీ కట్టేసి ఉంటారు. కానీ సచిన్ యాదవ్ తన జీవితంలోనే అత్యుత్తమంగా 86.27 విసిరి, కాంస్యానికి 40 సెంటీమీటర్ల దూరంలో నాలుగో స్థానంలో నిలిచాడు. హైజంప్‌లో సర్వేశ్ కుశారే 2.28 మీటర్లు దాటి ఆరో స్థానం పొందాడు. జ్యోతి మాత్రం మోకాలి గాయం వల్ల ఆ పోటీలకు వెళ్ళలేకపోయింది. ఆమె పేరు ఎదురుగా టోక్యో గడి ఖాళీగానే ఉంది. 2027లో పోటీలు బీజింగ్‌లో జరుగుతాయి, అక్కడి సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది కనుక ఈసారి రాత్రులు మేలుకోవలసిన పని ఉండదు. ఆ పోటీలకు కూడా నోట్‌బుక్‌లో గడులు గీసి పెట్టాను, మొదటి పేరు జ్యోతిదే రాశాను.