గురుభక్తులకొండ మీది ఇటుకలు ఎవరివి?

ప్రశ్న: మా అమ్మగారి ఊరు రామతీర్థానికి దగ్గరలోని సతివాడ. చిన్నప్పుడు శివరాత్రి జాతరకు వెళ్లినప్పుడు గురుభక్తులకొండ మీద ఇటుక గోడలు చూశాం. అవి పాండవుల ఇళ్లని పెద్దలు చెప్పేవారు. నిజంగా అవి ఎవరివి? ఈ సెలవుల్లో పిల్లలకు ఎలా చూపించాలి?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, అవి బౌద్ధ భిక్షువులు నివసించిన విహారాలు, పూజించిన స్తూప చైత్యాల శిథిలాలు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ వీటిని తవ్వి వెలికితీశారు. కొండ అడుగు నుంచి సుమారు 165 అడుగుల ఎత్తున, 903 అడుగుల పొడవు, 192 అడుగుల వెడల్పు గల రాతి చట్టు మీద ఈ కట్టడాలన్నీ వరుసగా ఉన్నాయి. దక్షిణాన నిటారుగా లేచిన బండ ఉంది, ఉత్తరాన నేల ఒక్కసారిగా లోయలోకి జారుతుంది. చలికాలపు ఉదయం ఆ బండ నీడలో నిలబడి, నేటి ఇటుక కంటే ఎంతో పెద్దదైన ఒక పాత ఇటుక మీద చెయ్యి ఆనించి చూడండి. భిక్షువులు ఈ చోటినే ఎందుకు ఎంచుకున్నారో చెప్పకుండానే తెలుస్తుంది.

అక్కడి నుంచి ఎదురుగా, లోయకు ఆవలి పక్కన కనిపించేది దుర్గకొండ. దాని పడమటి అడుగున ఉన్న సహజ గుహలో జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. 11వ శతాబ్దపు తొలినాళ్లలో వేంగిని ఏలిన తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలపు శాసనం ఒకటి రామతీర్థంలోనే దొరికింది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన గురువు రామకొండకు వచ్చి నమస్కరించినట్లు అందులో ఉంది. అంటే వెయ్యేళ్ల కిందటే ఇక్కడి కొండకు రాముని పేరుంది, ఆ పేరుతోనే జైనులు దాన్ని కొలిచారు! ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పాలని నా కోరిక. కోదండరాముని కోవెల ఉన్న బోడికొండ మీద కూడా జైన శిల్పాలు ఉన్నాయి.

విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం సుమారు 12 కిలోమీటర్లు. జాతర రోజుల్లో కాక, పొద్దున్నే బయలుదేరి ముందు గురుభక్తులకొండ ఎక్కండి. వానాకాలంలో ఆ వాలు జారుతుంది కనుక పిల్లలతో వద్దు. ఇటుక ముక్కలను గుర్తుగా ఇంటికి తేనివ్వకండి. దుర్గకొండ గుహకు దిగి వెళ్లాక, శిల్పాల ముఖాలు చూడడానికి చేతిలో ఒక టార్చిలైటు ఉంటే మంచిది.