చెరువు గట్టు మీద చేసిందీ ఉద్యోగమే, రెజ్యూమేలో రాయి

ప్రశ్న: అన్నయ్యా నమస్తే. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 2022లో బీకామ్ కంప్యూటర్స్ అయింది, అప్పట్నుంచి మా మావయ్య రొయ్యల చెరువులు చూసుకుంటున్నా, 8 ఎకరాలు. ఇప్పుడు రొయ్యల ప్లాంట్‌లో గానీ ఫీడ్ కంపెనీలో గానీ అకౌంట్స్ వైపు ఉద్యోగం కావాలి. నెట్ సెంటర్‌లో రెజ్యూమే చేయించి చాలా చోట్లకి పంపా, ఒక్క కాల్ కూడా రాలేదు. ఎక్స్‌పీరియన్స్ లేదు కదా, అందుకేనంటారా? ఆ రెజ్యూమే మీకూ పంపుతున్నా, కాస్త చూసి చెప్పండి.

జవాబు: చూశాను తమ్ముడూ. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని నాలుగు లైన్లు ఉన్నాయి చూడు, ఛాలెంజింగ్ వాతావరణంలో పనిచేసి సంస్థ అభివృద్ధికి తోడ్పడతాను అని, సరిగ్గా అవే లైన్లు తణుకు నుంచి వచ్చిన రెజ్యూమేలోనూ ఉన్నాయి, రావులపాలెం నుంచి వచ్చినదాంట్లోనూ ఉన్నాయి. నెట్ సెంటర్ వాళ్ళ తప్పు కాదులే, వాళ్ళ దగ్గర ఒకటే ఫైల్ ఉంటుంది, పేరు మార్చి ప్రింట్ తీసి ఇస్తారు. కింద నాన్నగారి పేరు, కులం, పెళ్లయిందా లేదా, ఆధార్ నంబరు, ఆఖర్న పై వివరాలన్నీ నిజమే అని డిక్లరేషన్. అన్నీ తీసెయ్. ఆధార్ నంబరైతే ఈ రోజే తీసెయ్, ఆ కాగితం ఎన్ని చేతులు మారుద్దో ఎవరికి తెలుసు.

ఇక అసలు సంగతి, ఎక్స్‌పీరియన్స్ దగ్గర నిల్ అని పెట్టావ్. ఎందుకయ్యా నిల్? మేత బస్తాలు ఎన్నొచ్చాయి, ఏ చెరువుకి ఎన్ని పడ్డాయి, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి కరెంటు ఎంతయింది, కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్ ఎంత తాగింది, మేత షాపులో అరువు ఎంతుంది, పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత పడింది, ఇవన్నీ రాసుకునేది నువ్వే కదా. ఫీడ్ కంపెనీలో అకౌంట్స్ కుర్రాడు కూర్చునేది ఈ లెక్కల ముందే, కాకపోతే వాడు ఏసీలో కూర్చుంటాడు, నువ్వు గట్టు మీద నిలబడ్డావ్.

కాబట్టి ఇలా రాయి, దీన్నే ఇంగ్లీషులో పెట్టుకో. ఫలానా నెల 2022 నుంచి ఇప్పటిదాకా, కుటుంబ ఆక్వా ఫామ్, 8 ఎకరాల వనామీ రొయ్యల సాగు, సూపర్‌విజన్ మరియు అకౌంట్స్. మేత, మందులు, కరెంటు, కూలీల ఖర్చు రోజూ రాయడం. పంటకి ఇన్ని టన్నుల మేత స్టాకు లెక్క చూడటం. పట్టుబడి రోజు కాటా, కౌంట్ దగ్గరుండి చూసి కొనుగోలుదారు బిల్లుతో సరిపోల్చడం. అంతే, ఎక్కువ వద్దు. అంకెలు మాత్రం నీ నోట్‌బుక్‌లోవే వెయ్యాలి. 1400 కిలోల మేతకి 1000 కిలోల రొయ్య వస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి పట్టిన మేత, 1.4, అలాగే నీ చివరి పంటకి ఎంతొచ్చిందో లెక్కగట్టి ఒక లైన్ పెట్టు, ఫీడ్ కంపెనీ వాళ్ళ కన్ను ముందు దాని మీదే పడుతుంది. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు అని వాళ్ళు నీకు నేర్పక్కర్లేదు, బయటినుంచి వచ్చిన బీకామ్ వాడికైతే అక్కణ్ణుంచి మొదలెట్టాలి.

మావయ్య చెరువే అని దాచొద్దు, కుటుంబ ఫామ్ అని ఉన్నదున్నట్టు రాయి. రిఫరెన్స్‌గా మీకు మేత వేసే డీలర్ గారి పేరు పెట్టుకోవచ్చు, ఆయన్ని అడిగాకే సుమా.

ట్యాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్), జీఎస్టీ ఫైలింగ్ రెండూ వచ్చని రాశావ్. నిజంగా ఫైల్ చేశావా లేక కోర్సులో చూశావా? జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1లో ఏం వెయ్యాలి, 3బీలో ఏం వెయ్యాలి అని ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నే అడుగుతారు. మొదటిది అమ్మకాల వివరాలు, రెండోది నెల మొత్తం లెక్క, కట్టాల్సిన పన్ను. తడబడకుండా చెప్పగలిగితే ఉంచు, లేకపోతే ట్యాలీ కోర్సు చేశాను అని మాత్రం రాయి.

ఇంకోటి, నువ్వు పంపింది పీడీఎఫ్ లాగే ఉంది గానీ లోపల ఫొటో. ప్రింట్‌ని మళ్ళీ ఫోన్‌తో స్కాన్ చేసినట్టున్నావ్. జాబ్ సైట్లలో చాలాచోట్ల ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది, ఫొటోలో అక్షరాలు, డబ్బాలు డబ్బాలుగా గీసిన టేబుల్స్ దానికి సరిగ్గా అందవు. ఫోన్‌లో ఫైల్ తెరిచి పేరు మీద వేలు నొక్కిపట్టు, అక్షరాలు సెలెక్ట్ అవకపోతే అది ఫొటోనే. వర్డ్ ఫైల్ అడిగి తీసుకుని నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయించు, ఫైల్‌కి న్యూ ఫైనల్ 2 అని కాకుండా నీ పేరు పెట్టు.

ప్రశ్న: సార్, మాది రాజోలు వైపు. ఏసీ మెకానిక్‌గా 3 ఏళ్ళు చేశాను, ఖతార్ వెళ్దామనుకుంటున్నా. ఏజెంట్ 8 ఏళ్ళు అని రాయమంటున్నాడు, రాయొచ్చా?

జవాబు: వద్దండి. గల్ఫ్ కంపెనీలు చాలావరకు ట్రేడ్ టెస్ట్ పెడతాయి, గ్యాస్ ఛార్జింగ్ చేయించి పక్కనే నిలబడి చూస్తారు, 8 ఏళ్ళ చెయ్యో 3 ఏళ్ళ చెయ్యో అక్కడే తెలిసిపోద్ది. ఒకవేళ గట్టెక్కినా, తప్పు కాగితంతో పరాయి దేశంలో ఉన్నప్పుడు ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు. మీరు చేసినవి రాయండి, స్ప్లిట్ ఏసీలా, డక్ట్ పనా, కోల్డ్ స్టోరేజా. ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా ప్లాంట్ మీద చేసి ఉంటే అది తప్పకుండా రాయండి. గల్ఫ్ సీవీలో మాత్రం ఫొటో, పాస్‌పోర్ట్ ఎప్పటిదాకా చెల్లుతుంది, డ్రైవింగ్ లైసెన్స్ ఉందా, ఇవి ఉండాలి, అక్కడ వాళ్ళు అడుగుతారు. ముందు ఆ ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి, రూల్ ప్రకారం సర్వీస్ ఛార్జ్ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి.

ప్రశ్న: మేడమ్ గానీ సార్ గానీ ఎవరైనా చెప్పండి, నాకు పిల్లల వల్ల 6 ఏళ్ళు గ్యాప్ వచ్చింది. డిగ్రీ ఉంది. అమలాపురంలోనే ఆఫీస్ ఉద్యోగం చూస్తున్నా. డ్వాక్రా సంఘంలో సెకండ్ లీడర్‌ని, అది తప్ప ఇంకేం లేదు.

జవాబు: సారే చెప్తున్నానమ్మా. అది తప్ప ఏం లేదంటావేంటి, పుస్తకాలు రాసేది ఎవరు మరి? నెలనెలా పొదుపు వసూలు, బ్యాంక్ లింకేజీ లోన్ కిస్తీలు, ఎవరు కట్టారు ఎవరు కట్టలేదు, మీటింగ్ మినిట్స్, ఇవన్నీ ఆఫీస్ పనులే. ఎంతమంది సభ్యులు, ఎన్నేళ్ళుగా, ఎంత లోన్ తీర్చారు, మూడు అంకెలు వెయ్యి. గ్యాప్ దగ్గర కుటుంబ బాధ్యతలు అని ఒక్క లైన్, సంజాయిషీ అక్కర్లేదు. పేజీ ఒకటే చాలు.

ప్రశ్న: హాబీస్‌లో క్రికెట్ రాయొచ్చా?

జవాబు: కాలేజీ టీమ్‌కి ఆడితే రాయి. కొబ్బరి తోటలో సాయంత్రం ఆడేది అందరం ఆడిందే, వదిలెయ్.