ఒంటరిగా కిర్గిజ్‌స్తాన్ వెళ్ళే మహిళ దేనికి భయపడాలి?

శాకాహారినని, కిర్గిజ్‌స్తాన్‌లో పది రోజులు ఒంటరిగా తిరగాలని ఉందని, 2024 మే నెలలో దాని రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళపై జరిగిన దాడుల వార్తలు చూసిన మీ అమ్మగారు ససేమిరా అంటున్నారని రాశారు. ఆ దాడులు జరిగిన రెండు నెలలకే, ముందే కొన్న టికెట్టు వదులుకోలేక, నలభై ఒకటో ఏట నేను ఒక్కదాన్నే వెళ్ళి పదకొండు రోజులు ఉండి వచ్చాను. మా వీధి పిల్లలిద్దరు అక్కడే ఎంబీబీఎస్ చదువుతున్నారు. ఆ మే నెలలో వాళ్ళ తల్లిదండ్రులు రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చోవడం చూసినదాన్ని కనుక మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయలేను. అయినా వెళ్ళవచ్చుననే నా సమాధానం. భయపడవలసినవి మాత్రం వేరే ఉన్నాయి.

ఇంట్లో వాళ్ళు అడిగే మరో సంగతి 'అలా కచూ', అంటే పెళ్ళి కోసం అమ్మాయిని ఎత్తుకుపోవడం. అది నేరమే, 2013లో శిక్షలు పెంచారు కూడా. 2021 ఏప్రిల్‌లో బిష్కెక్‌లో అలా అపహరణకు గురైన యువతి హత్య జరిగినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి నిలదీశారు. అయితే దానికి బలయ్యేది అక్కడి ఆడపిల్లలే తప్ప సాధారణంగా పర్యాటకులు కారు. మనకు ఎదురయ్యే మనిషి సాయంత్రం వోడ్కా తాగిన మగవాడు, అంతకంటే పెద్ద శత్రువు కొండల ఎత్తు.

ఎత్తు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. బిష్కెక్ దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, సోంగ్‌కుల్ సరస్సు 3,016 మీటర్లలో ఉంది. ఒక్క రోజు మిగులుతుందన్న ఆశతో పొద్దున బిష్కెక్‌లో బయలుదేరి సాయంత్రానికి సోంగ్‌కుల్ దగ్గర దిగాను. తల పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు, గుడారం నుంచి వంద అడుగుల దూరంలో ఉన్న మరుగుదొడ్డి దాకా నడవడానికి రెండుసార్లు ఆగవలసి రావడం, ఇవన్నీ ఆ ఆశకు చెల్లించిన మూల్యం. ముందు 1,607 మీటర్ల ఎత్తున ఉన్న ఇస్సిక్‌కుల్ సరస్సు దగ్గర రెండు రాత్రులు, ఆపైన కోచ్‌కోర్ అనే ఊళ్ళో ఒక రాత్రి గడిపి పైకి వెళ్ళండి. కోచ్‌కోర్‌లో ఊరి కుటుంబాల ఇళ్ళలో, గుడారాల్లో బస ఏర్పాటు చేసే సీబీటీ (కమ్యూనిటీ బేస్డ్ టూరిజం) కార్యాలయం ఉంది. ఆడవాళ్ళు నడిపే బస కావాలని అక్కడే అడగండి.

అది ఎందుకు అడగమంటున్నానో చెబుతాను. వయసులో పెద్దదైన స్త్రీని వాళ్ళు 'ఎజే' అంటారు, మన 'అక్కా' లాంటి పిలుపు. సరస్సు దగ్గర నేను దిగిన గుడారం యజమానురాలిని మొదటి నిమిషం నుంచీ అలాగే పిలిచాను. చీకటి పడే వేళ ఒకతను గుర్రం మీద వచ్చి, గుప్పుమని వాసన కొడుతూ, ఎక్కమని సైగలు చేస్తూ నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పాలు పితుకుతున్న ఎజే తడి చేతులతోనే లేచి వచ్చి రెండే మాటలు అంది. ఏమందో నాకు అర్థం కాలేదు గాని, గుర్రం వెనక్కి తిరిగింది. ఆ రాత్రి నా పరుపు తన మనవరాలి పక్కన వేసి, పొయ్యిలో ఎండిన పిడకలు నింపింది. జులైలో కూడా నీళ్ళ బకెట్టు పైన మంచు పొర కట్టే చలిలో ఆ పిడకల పొగ మా అమ్మమ్మ గారి వంటింటిని గుర్తుకు తెచ్చింది. అందుకే షేర్ టాక్సీలోనైనా, మర్ష్రుత్కా అనే వాళ్ళ మినీ బస్సులోనైనా, ముందు ఒక ఎజేను వెతుక్కుని ఆమె పక్కన కూర్చునేదాన్ని.

తిండి కష్టమే. 'మెన్ ఎత్ జెబెయిమ్', అంటే నేను మాంసం తినను, అన్న మాట నేర్చుకోండి. అయినా మాంసం ముక్కలు ఏరేసిన లాగ్మాన్ అనే నూడుల్స్ వంటకం మీ ముందుకు రావచ్చు. గుండ్రని రొట్టెను వాళ్ళూ 'నాన్' అనే అంటారు, దాన్ని బోర్లా పెట్టడం అపచారం. నాన్, కైమాక్ అనే చిక్కటి మీగడ, పండ్ల జామ్, నూనెలో వేయించిన పిండి ముక్కలైన బోర్సోక్‌లతో ఉదయం గడిచిపోతుంది, మిగతా పూటలకు కందిపొడి, అటుకులు ఆదుకున్నాయి. కుమిస్ మాత్రం గుర్రపు పాలను పులియబెట్టి చేసే పానీయం, కొంచెం మత్తు కూడా ఉంటుంది, కనుక తాగడం మానడం మీ ఇష్టం.

కిర్గిజ్‌స్తాన్ వీసాను ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. నేను కజకిస్తాన్‌లోని అల్మాటీ వరకు విమానంలో వెళ్ళి రోడ్డు మీదుగా సరిహద్దు దాటాను. కజకిస్తాన్ మన పాస్‌పోర్టుకు వీసా లేకుండానే 14 రోజులు అనుమతిస్తోంది.

ఇక ఫోను. సోంగ్‌కుల్ దగ్గర నాకు సిగ్నల్ అందలేదు, కాబట్టి ఎన్ని రోజులు మాట్లాడలేరో మీ అమ్మగారికి ముందే, స్పష్టంగా చెప్పండి. వేసవి పచ్చిక మైదానాన్ని అక్కడ 'జైలూ' అంటారు. ఆ మాట ముచ్చటగా అనిపించి, పైకి బయలుదేరే ముందు ఇంటి వాట్సాప్ గ్రూపులో 'రెండు రోజులు జైలూలో ఉంటాను, ఫోన్ కలవదు' అని రాసి వెళ్ళాను. కొండ దిగేసరికి మా అన్నయ్యవి పదిహేడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి, చివరి మెసేజీలో ఏ నేరం మీద పట్టుకున్నారని అడిగాడు.